కరెంటు బిల్లు కట్టిన గాలి

పంచాయతీ ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీదున్న కాగితం ఎగిరిపోకుండా గుమస్తా దాని మీద స్టాంపు ప్యాడ్ పెట్టాడు. తలైవర్ వచ్చి కూర్చుని, ప్యాడ్ పక్కకు జరిపి, కాగితం చూశారు. మళ్లీ ప్యాడ్ తీసి దాని మీదే పెట్టారు.

“అంకె తప్పు పడిందేమోనని నేనూ రెండుసార్లు చూశాను తలైవరే. తప్పేం కాదు. దగ్గర దగ్గర యాభై వేలు,” అన్నాడు గుమస్తా.

కాసేపాగి తనే అందుకున్నాడు. “మీరు కుర్చీ ఎక్కిన ఏడు రెండు వేలు కట్టేవాళ్లం.”

తలైవర్ ఏమీ అనలేదు. తలెత్తి ఫ్యాన్ వైపు చూశారు. గుమస్తా లేచి వెళ్లి స్విచ్ ఆపేశాడు.

అది 2001. ఊరి పేరు ఓడంతురై. కోయంబత్తూరు నుంచి ఉత్తరంగా నలభై కిలోమీటర్లు పోతే, మెట్టుపాలయం దాటాక నీలగిరి కొండల పాదాల దగ్గర ఉంటుంది. ఊటీ బొమ్మరైలు ఎక్కినవాళ్లు ఆ చుట్టుపక్కల పోకతోటలు, అరటితోటలు కిటికీలోంచి చూసే ఉంటారు. తలైవర్ అంటే తమిళనాట పంచాయతీ అధ్యక్షుడు, మన సర్పంచ్. ఈ తలైవర్ పేరు ఆర్. షణ్ముగం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ గాథలో ఊరివాళ్లూ గుమస్తాలూ మాట్లాడే మాటలు నేను ఊహించి పెట్టినవి. ఆ బల్ల, ఆ ఫ్యాను కూడా నావే. షణ్ముగం నోట మాత్రం ఒక్క మాటా పెట్టలేదు, ఆయన మాటలు ఆయనవి. బిల్లు, అప్పు, యంత్రం, అంకెలు, సంవత్సరాలు జరిగినవి.

రెండు వేల బిల్లు యాభై వేలెందుకయింది? ఎవరో దొంగతనంగా వాడుకుని కాదు. ఊరు బాగుపడి.

1996 అక్టోబరులో తమిళనాట పంచాయతీ ఎన్నికలు జరిగాయి. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత వచ్చిన 1994 నాటి కొత్త పంచాయతీ చట్టం కింద అవే మొదటివి. షణ్ముగం గెలిచి కూర్చునేసరికి ఊళ్లో ఏ గడప తొక్కినా ఒకటే గోడు, తాగునీళ్లు. విచిత్రమేమంటే భవానీ నది అల్లంత దూరంలోనే పారుతోంది.

“ఏరు పక్కనే ఉంది నాయనా. నా నడుం మాత్రం బిందె మోసీ మోసీ వంగిపోయింది,” అని ఏ పాటీ అయినా అని ఉంటుంది ఆయనతో. పాటీ అంటే వాళ్లకు అవ్వ. “ఓటుకొచ్చిన ప్రతివాడూ కొళాయి అన్నాడు. నువ్వూ అంటున్నావు. కానీయ్.”

కొళాయిలు వచ్చాయి. భవానీ నీళ్లు తోడి, శుద్ధి చేసి, ట్యాంకులకెక్కించి, పల్లెపల్లెకూ ఇచ్చే పథకం. 48 లక్షల రూపాయలయింది. అందులో పదో వంతు ఊరివాళ్లు వేసుకున్నారు. ఈ పదో వంతు సంగతి గుర్తుంచుకోండి. సర్కారు ఇచ్చిన కొళాయి కారుతుంటే పక్కన్నుంచి నడిచిపోతాం. మన డబ్బు పడిన కొళాయి కారితే ఆగి కట్టేస్తాం. సొంతం అనే మాటకు ఇంతకంటే పెద్ద అర్థం నాకు తెలియదు.

నీళ్లు వచ్చాయి సరే. నదిలో నీరు తనంతట తాను ట్యాంకెక్కదు. మోటారు ఎక్కించాలి. మోటారుకు కరెంటు కావాలి. దానికితోడు వీధి దీపాలు. కొత్త వీధి పడిన చోటల్లా కొత్త స్తంభం, కొత్త మీటరు. బాగుపడ్డ ఊళ్లకు వచ్చే జబ్బిది. బీద ఊరికి కరెంటు బిల్లు రాదు.

మన దగ్గరయితే ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది. బిల్లు వస్తుంది, కట్టరు. బాకీ పెరుగుతుంది, ఎవరూ అడగరు. ఒకనాడు డిస్కమ్ వాళ్లు వచ్చి వీధి దీపాల ఫ్యూజు పీకుతారు. సర్పంచ్ ఎమ్మెల్యేకి ఫోన్ చేస్తాడు, ఫ్యూజు మళ్లీ పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల పాత కరెంటు బాకీల కింద జమ కట్టుకున్నారని పార్టీలకతీతంగా సర్పంచులు రోడ్డెక్కడం మనం చూశాం. ఊరికొచ్చిన డబ్బు ఊరు చూడకుండానే వెళ్లిపోయింది. వాళ్ల కోపంలో న్యాయముంది. అయితే అంతకుముందు ఏళ్ల తరబడి ఆ బిల్లుల మీద స్టాంపు ప్యాడ్లు పెట్టి కూర్చున్నదీ పంచాయతీలే.

ఓడంతురైలో ఆ కాగితం కింద పడిపోలేదు.

మొదట ఖర్చు తగ్గించే దారులు చూశారు. కొన్నిచోట్ల వీధి దీపాలకు సౌరశక్తి పెట్టారు. తర్వాత, కట్టెలతో కరెంటు తీయొచ్చని విని షణ్ముగం గుజరాత్‌లోని బరోడా దాకా వెళ్లి చూసి, నేర్చుకుని వచ్చారు. 2003లో 9 కిలోవాట్ల గ్యాసిఫయర్ ఒకటి ఊళ్లో వెలిసింది.

దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే పెద్ద గాలిమర వచ్చాక ఈ చిన్న యంత్రాన్ని అందరూ మరిచిపోతారు. చూడ్డానికి పొడవాటి ఇనుప పొయ్యి. పైన మూత. సామిల్లులో మిగిలిన చెక్కముక్కలు తెచ్చి, పిడికిట్లో పట్టేంత చిన్నగా కొట్టి, ఎండబెట్టి, పైనుంచి పోయాలి. మామూలు పొయ్యికి గాలి ధారాళంగా ఇస్తాం. దీనికి కొసరి కొసరి ఇవ్వాలి. అప్పుడు కట్టె మంట పుట్టించకుండా మండే వాయువు వదులుతుంది. ఆ వాయువును అలాగే ఇంజనులోకి పంపితే తారు పట్టి కూర్చుంటుంది. అందుకే చల్లార్చి, వడపోసి పంపాలి. ఇంజను తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే నీళ్లు ట్యాంకెక్కుతాయి. కట్టె తడిగా ఉన్న రోజు అది దగ్గుతుంది, పొగ కక్కుతుంది, మొరాయిస్తుంది.

“దీనికంటే గేదె నయం అన్నా,” అని ఆపరేటర్ కుర్రాడు విసుక్కుని ఉంటాడు, మసి చేతులు లుంగీకి తుడుచుకుంటూ. “గేదె మేత మేశాక కాసేపు ఊరుకుంటుంది. ఇది ఊరుకోదు.”

అయినా విద్యుత్ బోర్డు కరెంటు కంటే చాలా చౌకగా పడింది. యూనిట్ డెబ్భై పైసలు. బిల్లు దిగింది. మన వైపు ఏ ఊళ్లో ఇంతమాత్రం జరిగినా శాలువాలు కప్పి, ఫ్లెక్సీ కట్టి వదిలేస్తారు. కానీ తొమ్మిది కిలోవాట్లు ఊరి మొత్తానికి చాలవు. ఆ లెక్క షణ్ముగానికి తెలుసు.

కోయంబత్తూరు ప్రాంతంలో పుట్టినవాడికి గాలి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పడమటి కనుమలు గోడకట్టినట్టు నిలబడి ఉంటాయి కదా, ఆ గోడకు పాల్ఘాట్ దగ్గర ఒక పెద్ద సందు. నైరుతి రుతుపవనాలు ఆ సందులోంచి దూసుకొచ్చి ఉడుమలైపేట, పల్లడం మైదానాల మీద పడతాయి. ఆడి మాసపు గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని తమిళ సామెత. వాళ్ల ఆడి సుమారుగా మన ఆషాఢ శ్రావణాలు.

ఆ గాలిని సొమ్ము చేసుకునే విద్య ఆ జిల్లాలో అప్పటికే ఉంది. 1990ల నుంచి కోయంబత్తూరు స్పిన్నింగ్ మిల్లుల వాళ్లు గాలిమరలు కొని మైదానాల్లో నిలబెడుతున్నారు. గాలిమర ఒక చోట, మిల్లు మరో చోట. అక్కడ పుట్టిన కరెంటు బోర్డు లైన్లో కలుస్తుంది, ఇక్కడ మిల్లు బిల్లులో ఆ యూనిట్లు తగ్గుతాయి. ఆ మిల్లుల వెనక ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. లక్ష్మీ మిల్స్ స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు ఆ కోవలోనివారే. వాళ్లు వ్యాపారులు, లాభం చూస్తారు. గాలిమరకు ఎంత పెట్టాలో, ఎన్నాళ్లకు తిరిగొస్తుందో వాళ్ల గుమస్తాలు వేళ్ల మీద చెబుతారు.

మిల్లుకు లాభమయింది పంచాయతీకి ఎందుకు కాదు? అడిగితే చాలా మామూలు ప్రశ్న. అడగడానికి మాత్రం, పంచాయతీ కూడా ఒక యజమానే అని ముందు నమ్మాలి. మన దేశంలో పంచాయతీ అంటే పైనుంచి వచ్చిన దాన్ని కిందికి పంచే కిటికీ. ఆ కిటికీ దగ్గర కూర్చున్నవాడికి, నేను కొంటాను, అమ్ముతాను, అప్పు చేసి తీరుస్తాను అనే ఆలోచన రావడమే కష్టం. షణ్ముగానికి వచ్చింది.

గాలిమర ధర కోటీ యాభై అయిదు లక్షలు.

ఆ అంకె బయటపడ్డ రోజున గ్రామసభ ఎలా సాగి ఉంటుంది? వేపచెట్టు కింద జంపఖానా. ముందు వరసలో ఆడవాళ్లు. వెనక, ఎప్పటిలాగే, నిలబడి వినేవాళ్లు. 

“కోటిన్నర అంటే ఎన్ని సున్నాలు తలైవరే?” అని ఎవరో అన్నారు. నవ్వులు.

“సున్నాలు సరే, గాలిమర ఎక్కడ పెడతారు? ఊరి బయటా?”

“కాదు, మైవాడిలో. ఉడుమలైపేట దగ్గర,” అన్నాడు గుమస్తా.

నవ్వులు ఆగిపోయాయి. మైవాడి నూరు కిలోమీటర్ల పైమాటే.

“మన ఊరి సొమ్ము తీసుకెళ్లి ఎవరి ఊళ్లోనో పాతిపెడతారా?” ఈసారి లేచింది ఒక పెద్దాయన. “రేపు దాని రెక్క విరిగితే చూసేదెవరు? దొంగ రాగితీగ కోసుకుపోతే కాసేదెవరు? చెరువు తవ్వించండి, ఊళ్లో ఉంటుంది. గుడి కట్టించండి, కళ్లకు కనిపిస్తుంది.”

“మామా, గాలి ఇక్కడ లేదు కదా, అక్కడుంది,” అన్నాడొక కుర్రాడు. “చేపలు కావాలంటే చెరువు దగ్గరకే పోవాలి.”

“నువ్వు కూర్చోరా.”

వెనక నుంచి ఒకావిడ మెల్లగా అడిగింది. “దానివల్ల కొళాయి ఆగకుండా వస్తుందా? అది చెప్పండి.”

నేను ఊహించిన ఈ సభలో అసలు ప్రశ్న ఆమెది. తక్కినవాళ్లు యంత్రం గురించి అడిగారు, ఆమె నీళ్ల గురించి అడిగింది. ఈ మధ్య సామాజిక వ్యాపారం అనే మాట సెమినార్లలో తెగ నలుగుతోంది. ఊరి వ్యాపారం అంటే నాకు సులువుగా అర్థమవుతుంది. చేసే పద్ధతి మిల్లు యజమానిది, లాభం వెళ్లి చేరేది ఆమె బిందెలోకి.

ఓడంతురై ఆ రోజుల్లో చేసిన అసలు ఘనకార్యం గాలిమర కాదని నా అభిప్రాయం. నలభై లక్షలు. పంచాయతీ తన ఖాతాలో నలభై లక్షలు దాచుకుని ఉంది. ఇంటి పన్ను వసూలు చేసి, బిల్లులో మిగిల్చి, దుబారా ఆపి, ఒక ఊరు నలభై లక్షలు వెనకేయడం ఎంత కష్టమో ఏ పంచాయతీ కార్యదర్శిని అడిగినా చెబుతాడు. ఇంటి పన్ను అడిగితే ఓటు పోతుందని భయపడే సర్పంచులున్న చోట ఆ నలభై లక్షలు గాలిమర కంటే ఎత్తు.

మిగిలిన కోటీ పదిహేను లక్షలకు బ్యాంకుకు వెళ్లారు.

పంచాయతీకి అప్పివ్వడం బ్యాంకులకు అలవాటు లేని పని. రైతుకు ఇస్తారు, పొలం ఉంటుంది. మిల్లుకు ఇస్తారు, మిల్లు ఉంటుంది. ఊరికి ఎలా ఇవ్వాలి? సంతకం పెట్టే మనిషి అయిదేళ్లకు దిగిపోతాడు. తర్వాత వచ్చేవాడు ఆ అప్పు నాది కాదంటే? కిస్తీ కట్టకపోతే ఏం జప్తు చేస్తారు, ఓవర్‌హెడ్ ట్యాంకా? ఏ మేనేజరుకైనా రావలసిన అనుమానాలే ఇవి. జవాబు ఒకటే, యంత్రం సంపాదన యంత్రం అప్పుకే పోవాలి, మరో పనికి ముట్టుకోకూడదు. ఆ కట్టుబాటు మీద ఒక జాతీయ బ్యాంకు అప్పిచ్చింది.

2006లో మైవాడి గాలిలో 350 కిలోవాట్ల గాలిమర తిరగడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల నిలబడ్డవన్నీ మిల్లులవీ, కంపెనీలవీ. వాటి మధ్య ఒక్కటి పంచాయతీది. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకలాగే తిరుగుతాయి. గాలికి యజమాని ఎవరో పట్టదు.

అక్కడ తిరిగే రెక్క ఓడంతురైలో మోటారును తిప్పదు. తిప్పేది లెక్క. గాలిమర కింద మీటరుంది, పుట్టిన ప్రతి యూనిట్ అందులో పడుతుంది. ఓడంతురైలో నీళ్ల మోటార్లకు, వీధి దీపాలకు మీటర్లున్నాయి, వాడిన ప్రతి యూనిట్ వాటిల్లో పడుతుంది. మధ్యలో తమిళనాడు విద్యుత్ బోర్డు తీగలు. ఏడాదికి గాలిమర ఇచ్చేది సుమారు 6.75 లక్షల యూనిట్లు. ఊరికి కావలసింది 4.5 లక్షలు. పైన మిగిలింది రెండు లక్షల పైచిలుకు, అది బోర్డుకు అమ్మకం. ధర యూనిట్‌కు 2.90 రూపాయలు. పుట్టిన మొత్తం కరెంటును ఆ ధరకే కట్టి చూస్తే ఏడాదికి 19 లక్షలకు పైన. వడ్డీ సంగతి పక్కన పెడితే ఎనిమిదేళ్లలో గాలిమర తన ఖరీదు తానే సంపాదించుకున్నట్టు. పంచాయతీ గాలిమర పెట్టి బోర్డుకు కరెంటు అమ్మడం దేశంలో అదే మొదటిసారని పత్రికలు రాశాయి.

ఇక్కడ కాస్త ఆగి, చప్పట్లు కొట్టేముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కూడా చూడాలి.

350 కిలోవాట్ల యంత్రం ఏడాది పొడవునా పూర్తి బలంతో తిరిగితే 30 లక్షల యూనిట్లు రావాలి. వచ్చేది అందులో అయిదో వంతు కంటే కొంచెం ఎక్కువ. యంత్రం చెడ్డది కాదు, గాలి తీరే అంత. వైశాఖం దాటాక మొదలై ఆశ్వయుజం దాకా వీచి, మిగతా నెలల్లో మూలుగుతుంది. వరి రైతుకు పంట ఒక్కసారి వచ్చినట్టే, గాలి రైతుకు కూడా పంటకాలం ఉంది. ఆ నాలుగయిదు నెలల్లో యంత్రం పది రోజులు ఆగిందంటే ఏడాది లెక్క తారుమారు. అందుకని మరమ్మతు ఒప్పందం ఉండాలి, దానికి డబ్బు విడిగా తీసిపెట్టాలి. సంపాదనంతా కొళాయిలకే పోసేస్తే గేర్‌బాక్సు పాడైన రోజున చేయి చాపాల్సిందే.

రెండోది, కొనేవాడు ఒక్కడే. కూరగాయలమ్మే ఆమెకు ఒక గిరాకీ పోతే ఇంకో గిరాకీ. గాలిమరకు బోర్డు తప్ప గతి లేదు. తమిళనాట గాలి కరెంటు అమ్మినవాళ్లకు బకాయిలు నెలల తరబడి ఆగిపోయిన కాలం వచ్చింది. గాలి జోరుగా వీచే రోజుల్లోనే లైన్లో చోటు లేదని యంత్రాలు ఆపించిన సందర్భాలూ ఉన్నాయి. మిల్లు యజమాని దగ్గర తట్టుకునే డబ్బుంటుంది. ఊరికి ఎంతకాలం ఉంటుంది?

మూడోది మనుషుల సంగతి, నాకు ఎక్కువ బెంగ దాని మీదే. షణ్ముగం 1996 నుంచి 2006 దాకా, రెండు విడతలు అధ్యక్షుడిగా ఉన్నారు. గాలిమర నిలబడిన ఏడాదే ఆయన గడువు తీరింది. తర్వాత ఆయన సతీమణి అధ్యక్షురాలయ్యారు. అంటే ఆలోచన పుట్టిన ఇంట్లోనే ఇంకొన్నాళ్లు బాధ్యత ఉంది. అది మంచికే జరిగిందనుకుందాం. కానీ 2016 అక్టోబరులో గడువు తీరాక తమిళనాట పంచాయతీలకు సమయానికి ఎన్నికలు జరగలేదు. 2019 డిసెంబరు దాకా మూడేళ్లకు పైగా అధ్యక్షుడూ లేడు, వార్డు సభ్యుడూ లేడు, స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఊరి ఆస్తిని, ఊరి అప్పును, ఊరి వ్యాపారాన్ని ఊరివాడు కాని అధికారి చేతిలో పెట్టిన కాలమది. మనమేం తక్కువ తినలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టు నుంచి 2021 దాకా అదే కథ. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు తీరాక కూడా అదే జరిగింది.

మిల్లుకు మూడేళ్లు యజమాని లేకపోతే మిల్లు మూతపడుతుంది. గాలిమర మూతపడదు, గాలి వీస్తే తిరుగుతుంది. మీటరు నమోదు చేస్తుంది. ఆ మీటరు కాగితం ఎవరి బల్ల మీదికి వెళుతుంది, వాళ్లు దాన్ని చదువుతారా, స్టాంపు ప్యాడ్ కింద పెడతారా? ఊరి వ్యాపారం బతకడం, చావడం అక్కడే తేలుతుంది.

దీనికి వేరే దేశాల్లో ఏం చేశారని చూస్తే ఇండొనేషియా కనిపిస్తుంది. అక్కడ 2014లో గ్రామాల కోసం ఒక చట్టం చేశారు. ఊరే యజమానిగా సంస్థ పెట్టుకోవచ్చని దానిలో ఉంది. జావా ద్వీపంలో క్లాతెన్ దగ్గర పొంగ్గోక్ అని ఒక ఊరు. ఒకప్పుడు వెనకబడ్డ ఊరే. వాళ్ల ఊళ్లో స్వచ్ఛమైన నీటి ఊట ఉంది. ఊరి సంస్థ దాన్ని ఈతకొలనులా తీర్చి, నీటి అడుగున కూర్చుని ఫొటోలు దిగే వేడుక పెట్టింది. మోటారు సైకిళ్లు కూడా నీళ్లలో దించారు, వాటి మీదెక్కి ఫొటో దిగేందుకు. జనం ఎగబడ్డారు, ఊరికి ఆదాయం కోట్లలోకి పోయింది. ఇక చట్టం చూసి, పొంగ్గోక్‌ను చూసి, వేలకు వేల ఊళ్లు సంస్థలు పెట్టాయి. చాలా చోట్ల పేరు రాసిన బోర్డు మాత్రమే మిగిలింది. పొంగ్గోక్‌కు ఊట ఉంది, ఓడంతురైకి దూరాన మైవాడి గాలి ఉంది. పక్క ఊరిని చూసి వేసిన పంట అన్ని నేలల్లో పండదని రైతుకు చెప్పక్కర్లేదు, అధికారులకు చెప్పాలి.

ఓడంతురైకి చూడ్డానికి వచ్చినవాళ్లకు లెక్కలేదు. ప్రపంచ బ్యాంకు వాళ్లొచ్చారు, విదేశీ విద్యార్థులొచ్చారు, పక్క రాష్ట్రాల సర్పంచులొచ్చారు. ఊళ్లో పేదలకు కట్టిన 850 పక్కా ఇళ్లు చూశారు, సౌరదీపాలు చూశారు, కొళాయి తిప్పి చూశారు. గాలిమర ఏదని అడిగినవాళ్లకు ఊరివాళ్లు చేయి దక్షిణం వైపు చూపించి ఉంటారు. నూరు కిలోమీటర్లు పోవాలి మరి.

ఆ అడిగిన ఆవిడ, సభలో వెనక నిలబడి కొళాయి ఆగకుండా వస్తుందా అన్నావిడ, ఆమెను నేనే కల్పించాను కాబట్టి ఆమెకు జవాబు కూడా నేనే ఇవ్వొచ్చు. వచ్చింది తల్లీ. గాలి కట్టిన బిల్లుతో వచ్చింది.

మైవాడిలో గాలిమర తిరగడం మొదలై 2026కు ఇరవై ఏళ్లు. గాలిమరల ఆయుష్షు సాధారణంగా ఇరవై ఏళ్లని లెక్కేస్తారు. బాగా చూసుకుంటే ఇంకొన్నాళ్లు తిరుగుతాయి. దాని చోట కొత్తది నిలబెట్టాలంటే ఊరు మళ్లీ ఒక నలభై లక్షలు, ఇప్పటి ధరల్లో ఇంకా ఎక్కువే, వెనకేసి ఉండాలి.

మన ఊళ్లకు పాల్ఘాట్ సందు లేదు. రాయలసీమలోని రామగిరి కొండల మీద గాలిమరలు ఎప్పటి నుంచో తిరుగుతున్నాయి గానీ అవి పంచాయతీలవి కావు. ఎండకు మాత్రం మనకు కొదవ లేదు. బడి కప్పులున్నాయి, పంచాయతీ ఆఫీసు కప్పుంది, నీళ్ల ట్యాంకు పక్కన ఖాళీ జాగా ఉంది. అదంతా తర్వాతి మాట. ముందు వచ్చే గ్రామసభకు ఒక్కసారి వెళ్లండి. వెనక నిలబడినా పర్వాలేదు. మన పంచాయతీకి నెలకు కరెంటు బిల్లు ఎంత వస్తోంది, బాకీ ఎంతుంది, ఖాతాలో మన సొంత డబ్బు ఎంతుంది అని ఈ మూడూ అడిగి, చెప్పిన అంకెలు కాగితం మీద రాసుకుని ఇంటికి రండి.